తిరుత్తణిలో ణ, తిరువళ్ళూరులో ళ

మన రైలు లైనులో ఉన్న రెండు ఊళ్ళ పేర్లు ఒకసారి పైకి పలికి చూడండి. తిరుత్తణి. తిరువళ్ళూరు. మొదటిదాంట్లో ణ ఉంది, రెండోదాంట్లో ళ ఉంది. తెలుగునాట చాలాచోట్ల నోటినుంచి జారిపోతున్న అక్షరాలు సరిగ్గా ఈ రెండే. టీవీలో వార్తలు వినండి, "తిరుత్తని", "తిరువల్లూరు" అనేవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మన ఊళ్ళల్లో అవ్వలు మాత్రం బడి మొహం చూడకపోయినా నాలుక మడిచి ణ అంటారు, ళ అంటారు. అయినా ఉచ్చారణ బాగలేదన్న పేరు ఎవరికొచ్చింది? మనకే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. మన తెలుగు తప్పా ఒప్పా అని వాదించుకోవడం ఇక చాలు. దాన్ని కొలుద్దాం. కొలిచే పని మన తెలుగు విభాగమే మొదలుపెట్టాలి. ఈ ఏడే మొదలుపెట్టాలి.

రెండువైపులా మాట పడేది మనమే కదా. ఇక్కడ బస్సులో ఇద్దరం తెలుగులో మాట్లాడుకుంటే వెనక సీటులోంచి "గొల్టి" అని నవ్వుతారు. నగరి దాటి పుత్తూరో తిరుపతో పోతే అక్కడ "అరవ తెలుగు" అని నవ్వుతారు. పోయినేడు ఒక వక్తృత్వ పోటీకి మన సీనియర్ అక్క ఒకామె పోయింది. విషయం బాగా చెప్పింది, సమయానికి ముగించింది. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన విషయం గురించి ఒక్క ముక్క అనలేదు. "ఉచ్చారణ సరిచేసుకో అమ్మా" అన్నాడు. ఏ అక్షరం సరిలేదు సార్ అని ఆమె మర్యాదగానే అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "మొత్తం మీద అదోలా ఉంది" అన్నాడు.

ఈ "అదోలా" అనే మాట దగ్గరే నాకు పేచీ. వ్యాకరణంలో అదోలా లేదు. ఛందస్సులో అదోలా లేదు. గణం తప్పితే ఏ పాదంలో ఏ గణం తప్పిందో చూపించాలి. మరి ఒక మనిషి నోటిమాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆధారం చూపించకుండా తీర్పు చెప్పేయవచ్చా? ప్రయోగాత్మక ధ్వనిశాస్త్రం అనే విద్య పుట్టిందే ఈ అదోలాని ఒప్పుకోకుండా ఉండటానికి. ఏ ధ్వని, నోట్లో ఎక్కడ పుట్టింది, ఎంతసేపు నిలిచింది, ఎప్పుడు కంఠం మోగింది అని అది అడుగుతుంది. జవాబు సెకనులో వెయ్యోవంతుల్లో చెబుతుంది.

ఈ విద్య ఎట్లా మొదలయ్యిందో తెలుసుకుంటే మనకు ధైర్యం వస్తుంది. ఫ్రాన్సులో రూస్లో అని ఒక క్రైస్తవ గురువు ఉండేవాడు. 1846లో పుట్టాడు. ఈ శాస్త్రానికి ఆద్యుల్లో ఆయన్ని ముందు చెబుతారు. ఆయన 1891నాటి పరిశోధన దేనిమీద? పారిస్ పండితుల ఫ్రెంచి మీద కాదు. సెల్‌ఫ్రూయిన్ అనే తన పల్లెలో, ఒకే ఒక్క కుటుంబం మాట్లాడే మోటు ఫ్రెంచి మీద. ఆ కుటుంబం ఎవరిదో కాదు, ఆయన సొంత కుటుంబం. ఒకే ఇంట్లో తరం మారేకొద్దీ ధ్వని ఎట్లా మారుతుందో చూడాలనుకున్నాడు. మసిపట్టిన కాగితం చుట్టిన పీపా తిరుగుతూ ఉంటే, మనిషి ఊపిరికీ కంఠం కదలికకీ ఒక ముల్లు ఊగి దానిమీద గీత గీసేది. పై అంగిలికి సరిపోయే పలచటి అచ్చు చేయించి, దానికి పొడి పూసి, ఏ హల్లుకి నాలుక ఎక్కడ తగిలిందో చూసేవాడు. అంటే లోకంలో ఈ శాస్త్రం మొదటి అడుగులు పడ్డది పెద్ద నగరం యాస మీద కాదు, ఒక పల్లె ఇంటి యాస మీద. మన ఇంట్లో అవ్వ మాట కొలవడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు మన నేల సంగతి చూద్దాం. కొలవడానికి తిరుత్తణి కంటే మంచి చోటు దొరకడం కష్టమని నేను ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది.

తిరుత్తణిలో 1945లో పుట్టిన ఒక అవ్వను ఊహించుకోండి. ఆమె పుట్టినప్పుడు ఆ ఊరు మద్రాసు రాజధానిలో చిత్తూరు జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మార్చారు. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, ఇటునుంచి సత్యవేడు వైపు పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడు అయ్యింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా పుట్టింది. ఆ అవ్వ ఇల్లు కదల్లేదు, పొయ్యి కదల్లేదు, వాకిట్లో ముగ్గు కదల్లేదు. గీత మాత్రం ఆమె తలమీదుగా అటూ ఇటూ నడిచింది.

ఇందులో ధ్వనిశాస్త్రానికి పనికొచ్చేది ఏమిటంటే, తిరుత్తణి, నగరి 1960 దాకా ఒకే జిల్లాలో ఉన్న పక్కపక్క ఊళ్ళు. సంతలు, పెళ్ళిళ్ళు, గుడి ఉత్సవాలు అన్నీ కలిసే జరిగేవి. 1960 తర్వాత ఒక ఊరి పిల్లలు తమిళం చదివే బడికీ, ఇంకో ఊరి పిల్లలు తెలుగు చదివే బడికీ పోతూ వచ్చారు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఈ వైపు బళ్ళలో ఒకటో తరగతి నుంచీ తమిళం తప్పనిసరి అయ్యింది. అంటే ఒకే విత్తనం, రెండు మళ్ళు, రెండు రకాల నీళ్ళు. అటు డెబ్బై దాటిన అవ్వ, ఇటు డెబ్బై దాటిన అవ్వ. అటు నలభై ఏళ్ళ అమ్మ, ఇటు నలభై ఏళ్ళ అమ్మ. అటు కాలేజీ అమ్మాయి, ఇటు కాలేజీ అమ్మాయి. ఈ ఆరుగురి నోటా ఒకే మాట పలికించి పక్కపక్కన పెడితే, బడి ఏం చేసింది, ఇల్లు ఏం చేసింది, పక్కింటి భాష ఏం చేసింది అనేది విడివిడిగా చూడవచ్చు. ప్రయోగశాలలో ఎంత డబ్బు పోసినా ఇట్లాంటి ప్రయోగం తయారు చెయ్యలేరు. చరిత్ర మనకు ఊరకే చేసిపెట్టింది. మనం ఇంకా చేతులు కట్టుకుని కూర్చున్నాం.

మన ముందువాళ్ళు కూర్చోలేదు అని కూడా చెప్పాలి. చెంగల్పట్టు సీమలో పుట్టి మద్రాసులో తెలుగు బోధించిన పరవస్తు చిన్నయసూరి 1858లో అచ్చైన బాలవ్యాకరణంలో తెలుగుకు 36 వర్ణాలే అన్నాడు. ఆ పట్టీలో ఖ, ఘ, ఛ, ఝ లాంటి ఒత్తక్షరాలు లేవు. అవి సంస్కృతం మాటలతో వచ్చి చేరినవి. మన అవ్వ "బాస" అంటే, "దనం" అంటే, అది అరవం అంటిన తెలుగు అని నవ్వుతారు కదా. సూరి పట్టీ ప్రకారం చూస్తే అది తెలుగు తన సొంత 36తో మాట్లాడటమే. అదే పుస్తకంలో చ, జ లకు రెండేసి పలుకుబడులు చెప్పాడు. ఇ, ఈ, ఎ, ఏ ల ముందు తాలవ్యం, మిగతా అచ్చుల ముందు దంత్యం. "చిలక"లో చ వేరు, "చాప"లో ౘ వేరు. మనం ఈ సూత్రం బట్టీపట్టి పరీక్షలో రాసి వచ్చాం. మన వీధిలో ఎవరైనా దాన్ని పాటిస్తున్నారా అని ఒక్కరం కూడా చెవి పెట్టి వినలేదు. వ్యాకరణ సూత్రం కూడా ఒక పరికల్పనే. దాన్ని పరీక్షకు పెట్టవచ్చు.

గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో సవరల మధ్య తిరిగి, వాళ్ళ ధ్వనులు విని రాసుకుని, 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చువేయించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. దండ వేస్తాం, పాట పాడతాం, స్వీటు పంచుతాం. ఆయన చేసిన పని మాత్రం చెయ్యం.

తర్వాత యంత్రాలు వచ్చాయి. లీ లిస్కర్ అనే అమెరికా ఆయన తెలుగు నేర్చుకుని, 1963లో మాట్లాడే తెలుగు నేర్పే పాఠ్యపుస్తకం రాశాడు. ఆ మరుసటేడు ఆయనా, ఏబ్రమ్సన్ అనే ఇంకో ఆయనా కలిసి 11 భాషల్లో మాట మొదట వచ్చే క, గ, ప, బ లాంటి ధ్వనుల్ని కొలిచారు. పెదవులు విడివడిన క్షణానికీ, కంఠం మోగడం మొదలైన క్షణానికీ మధ్య ఎంత వ్యవధి ఉంది అన్నదే ఆ కొలత. "బ"లో కంఠం ముందే మోగుతుంది, "ప"లో పెదవులు విడివడ్డాక మోగుతుంది, "ఫ"లో ఇంకా ఆలస్యంగా మోగుతుంది. చూడటానికి ఎంత చిన్న సంగతి! ప్రపంచంలో ధ్వనులు కొలిచేవాళ్ళంతా ఇవాళ్టికీ ఆ కొలబద్దే వాడుతున్నారు. ఆ 11 భాషల్లో తమిళం ఉంది, హిందీ, మరాఠీ ఉన్నాయి. తెలుగు లేదు. తెలుగు వచ్చిన మనిషి చేసిన పనిలోనే తెలుగు లేదంటే, మన వంతు మనమే చేసుకోవాలని కదా అర్థం.

1983లో మన పేరి భాస్కరరావుగారు, పీటర్ లాడెఫోగెడ్ కలిసి మూర్ధన్యాల మీద ఒక వ్యాసం ప్రచురించారు. హిందీలో ట, డ లకీ, తెలుగు తమిళాల్లో ట, డ లకీ తేడా ఉందని ఎక్స్‌రే చిత్రాలతో చూపించారు. హిందీవాళ్ళు నాలుక కొన కాస్త పైకెత్తి సరిపెడతారు. తెలుగు, తమిళం మాట్లాడేవాళ్ళు నాలుకను బాగా వెనక్కి మడిచి, కొన అడుగుభాగాన్ని అంగిలికి తగిలిస్తారు. అక్షరం ఒకటే, నాలుక చేసే పని వేరు. ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఈ విషయంలో తెలుగు, తమిళం ఒక పక్కన నిలబడ్డాయి. మనల్ని రెండు వైపులనుంచీ నవ్వేవాళ్ళ నాలుకలు రెండూ ఒకే తీరున మడతపడుతున్నాయన్నమాట.

ఇక మన దగ్గర ఏం కొలవాలి? అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ కాదు. మూడు చాలు.

ఒకటి, ఊళ్ళ పేర్లలో ఉన్న ణ, ళ లు. కల్లు, కళ్ళు, మల్లి, మళ్ళీ, పాలు, పాళ్ళు. ఈ జంటలు పలికించాలి. మూర్ధన్యం రాబోతున్నప్పుడు దానికి ముందున్న అచ్చులోనే గుర్తు తెలుస్తుంది. కంప్యూటరు మీద ధ్వని చిత్రం చూస్తే అడ్డంగా నల్లటి పట్టీలు కనబడతాయి. కిందనుంచి లెక్కపెడితే మూడో పట్టీ, నాలుక మడతపడే కొద్దీ కిందికి వంగుతుంది. ల ముందు అట్లా వంగదు. ఇది కంటికి కనబడే తేడా, అదోలా కాదు. తమిళంలో ణ, ళ లు గట్టిగా నిలబడి ఉన్నాయి. కాబట్టి తమిళం పక్కన ఉన్నందువల్లే మన తెలుగులో ఇవి చెక్కుచెదరలేదా, లేక రాయలసీమ తెలుగులో సహజంగానే నిలిచాయా? నగరి అవ్వనీ తిరుత్తణి అవ్వనీ, నగరి పిల్లనీ తిరుత్తణి పిల్లనీ పక్కపక్కన పెడితే జవాబు వస్తుంది. ఒకవేళ నగరి పిల్ల నోట ళ జారిపోతూ, తిరుత్తణి పిల్ల నోట నిలిచి ఉంటే? అప్పుడు "అరవం తెలుగును పాడుచేసింది" అనే పాత మాట తిరగబడుతుంది. కొన్ని ధ్వనుల్ని అరవమే కాపాడింది అని రాయాల్సి వస్తుంది.

రెండు, క-గ, ప-బ, త-ద ల తేడా. తమిళ లిపిలో వీటికి వేరువేరు అక్షరాలు లేవు. అందుకని తమిళ బడిలో చదివిన తెలుగు పిల్లలకు ఈ తేడా పోతుందని చాలామంది నమ్మకం. పోతుందో లేదో కంప, గంప, కాలి, గాలి, అని పలికించి లిస్కర్ కొలబద్దతో చూడవచ్చు. నమ్మకం నిజమైతే నిజమని రాద్దాం. కాకపోతే ఆ నమ్మకాన్ని మానుకుందాం. కొలవడానికి బయలుదేరాక మనకు నచ్చిన జవాబే రావాలని పట్టుబట్టకూడదు. అది కూడా న్యాయనిర్ణేతగారి పద్ధతే అవుతుంది.

మూడు, క్రియల చివర అచ్చు. కోస్తా జిల్లాల్లో "వచ్చాడు" అనేటప్పుడు చ్చ తర్వాత పలికే అచ్చు నిజంగా ఆ కాదు, ఏ కాదు. రెంటికీ మధ్యలో, "బ్యాంకు" అన్నప్పుడు పలికే అచ్చు. దానికి మన లిపిలో సొంత అక్షరం లేదు. మన వైపు "వచ్చినాడు", "చేసినాడు" అంటాం. అక్కడ శుద్ధమైన ఆ పలుకుతుంది. లిపిలో లేని అచ్చు పలికితే అది ప్రామాణికం, లిపిలో ఉన్న అచ్చు ఉన్నట్టు పలికితే అది యాస! ఎంత విచిత్రం! నేను కోస్తావాళ్ళ అచ్చును తప్పుపట్టడం లేదు. అది వాళ్ళ తెలుగు, చక్కటి తెలుగు. ప్రామాణికం అనేది ధ్వనిలో ఉండే గుణం కాదని, అది ఊరికీ పలుకుబడికీ సంబంధించిన సంగతి అని మాత్రమే అంటున్నాను.

ఇవన్నీ చెయ్యడానికి ల్యాబు ఎక్కడుంది అంటారేమో. రూస్లో పీపా అక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో బోర్స్మా, వేనింక్ అనే ఇద్దరు ప్రాట్ అనే ప్రోగ్రాము తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. డచ్చి భాషలో ప్రాట్ అంటే మాట్లాడు అని అర్థం. మన కంప్యూటర్ గదిలో ఉన్న పాత డబ్బాలో కూడా అది నడుస్తుంది. రికార్డింగుకి ఫోను చాలు. కాకపోతే కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజి పంపించుకుంటే కుదరదు, అది ధ్వనిని నలిపి చిన్నది చేస్తుంది. వేవ్ ఫైలుగా దాచే యాప్ పెట్టుకోవాలి. ఫ్యాను ఆపాలి, టీవీ ఆపాలి, మిక్సీ టైములో పోకూడదు. ఫోను నోటికి ఒక జానెడు దూరంలో, ప్రతిసారీ అదే దూరంలో పెట్టాలి.

అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త ఇంకొకటి ఉంది. కాగితం చేతికిచ్చి చదవమనకూడదు. మన పెద్దవాళ్ళల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ తెలుగు అక్షరం చదవలేరు. తమిళ అక్షరం చదివేవాళ్ళు కొందరు, ఏదీ చదవనివాళ్ళు కొందరు. చదవగలిగినవాళ్ళు కూడా కాగితం చూడగానే గొంతు సవరించుకుని పుస్తకం భాషలోకి పోతారు. కాబట్టి గంప చూపించి ఇదేందవ్వా అని అడగాలి. ఆమె "గంప గదా" అంటుంది. "ఇప్పుడు గంప అని ఇంకోసారి చెప్పు" అని అడిగి, ఒక్కో మాటను ఐదుసార్లు పలికించాలి. తర్వాత ఊరకే మాట్లాడనివ్వాలి. పెళ్ళి ఎట్లా జరిగింది, వానలు పడని ఏడు ఏం తిన్నారు, కావడి మొక్కు ఎందుకు మొక్కారు, ఏదైనా సరే. జంట మాటల్లో ధ్వని దొరుకుతుంది, కబుర్లలో మనిషి దొరుకుతుంది. పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు నేతపని ఉన్న ఇళ్ళకి పోతే పడుగు, పేక, నాడె అని మగ్గం మాటలు దొరుకుతాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశాల్లో 1962లో వ్యవసాయం మాటల్నీ, 1971లో చేనేత మాటల్నీ ఆంధ్రప్రదేశ్ జిల్లాల వారీగా చేర్చారు. మన జిల్లా మాటలు మన బాధ్యత.

అడిగే ముందు ఒప్పుకోలు తీసుకోవాలి. మన అవ్వే కదా అని దొంగచాటుగా ఫోను నొక్కకూడదు. ఎందుకు రికార్డు చేస్తున్నామో చెప్పాలి, పేరు బయటపెట్టమని మాటివ్వాలి, వద్దంటే తుడిచెయ్యాలి. ఆ గొంతును తీసి రీల్సు చేసి నవ్వించకూడదు. మనం ఏ నవ్వు గురించి బాధపడుతున్నామో ఆ నవ్వే మనం నవ్వితే ఇంక ఈ పనికి అర్థం లేదు.

ఇది విని మన క్లాసులోనే కొందరు అన్న మాటలు నాకు తెలుసు. వాటికీ జవాబు చెప్పాలి.

"మనం సాహిత్యం విద్యార్థినులం, మనకెందుకు ఈ లెక్కలు" అని ఒక మాట. పద్యం చదివేటప్పుడు గురువు, లఘువు లెక్కపెట్టేది ఎవరు? మనమే. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు అని నమ్మి చదువుతున్నాం. నిజంగా నోట్లో దీర్ఘం హ్రస్వానికి ఎంత రెట్టింపు పడుతుందో ప్రాట్ తెరిచి చూసుకుంటే ఛందస్సు క్లాసు ఇంకా రుచిగా ఉంటుంది. మనకన్నా ఈ పనికి దగ్గరివాళ్ళు ఎవరూ లేరు. సైన్సు విభాగం అమ్మాయిలకు యంత్రం తెలుసు, "మళ్ళీ"కి "మల్లి"కి తేడా ఎందుకు ముఖ్యమో తెలియదు. కావాలంటే ఫిజిక్సు విభాగాన్ని కలుపుకుందాం. శబ్దతరంగాలు వాళ్ళ సిలబస్సులోనే ఉన్నాయి.

"రేపు రేడియోలోనో టీవీలోనో, టీచరుగానో ఉద్యోగం కావాలంటే ప్రామాణిక ఉచ్చారణ రావద్దా" అని ఇంకో మాట. రావాలి. నేను కాదనడం లేదు. ఒత్తులు అవసరమైన చోట ఒత్తులు నేర్చుకుందాం, నేర్పిద్దాం. కానీ నేర్చుకోవడానికి కూడా కొలతే మేలు. "నీ భ లో ఊపిరి తక్కువ పడుతోంది, ఇదిగో చూడు" అని తెరమీద చూపిస్తే పిల్ల పదిరోజుల్లో దిద్దుకుంటుంది. "అదోలా ఉంది" అంటే ఆ పిల్ల నోరే మూసుకుంటుంది. స్టేజీ ఎక్కడం మానేస్తుంది, తర్వాత ఇంట్లో కూడా తెలుగు మానేస్తుంది. మన ఊళ్ళల్లో తెలుగు తగ్గిపోవడానికి బడి ఒక్కటే కారణం కాదు. ఈ సిగ్గు కూడా కారణమే. ఒక యాసను ఎగతాళి చేస్తే ఆ మనిషి యాస మార్చుకోదు, భాషే మార్చుకుంటుంది. పట్నంలో ఇల్లు కట్టుకున్న మన చుట్టాల పిల్లల్ని చూడండి, మీకే తెలుస్తుంది.

"ఇంతకీ మిగిలిందెంతమంది" అనేది మూడో మాట. ఇదే నిజమైన తొందర. 1960 ముందు తెలుగు బడిలో ఐదో తరగతి చదివిన పిల్లకి ఇప్పుడు డెబ్బై అయిదు దాటింది. ఆమెతో పాటు ఆ ఉచ్చారణ కూడా వెళ్ళిపోతుంది. గ్రియర్సన్ దొర హిందూదేశం భాషలన్నిటినీ సర్వే చేయించినప్పుడు మద్రాసు రాజధానిని అందులో కలపలేదు. అట్లా ఒక అవకాశం మన ముత్తవ్వల కాలంలో పోయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888లో తిరుత్తణిలో పుట్టారు. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలు ఇవాళ కూడా వినవచ్చు. ఆయన చిన్నప్పుడు ఆ కొండకింద పూలమ్మిన ఆడమనిషి తెలుగు ఎట్లా ఉండేదో మాత్రం ఏ యంత్రమూ వినిపించదు. పుస్తకం రాయనివాళ్ళ గొంతు ముందుగా పోతుంది. ఆడవాళ్ళ గొంతు అంతకంటే ముందు పోతుంది. ఆడపిల్లల కాలేజీలో తెలుగు విభాగం ఉన్నందుకు ఈ ఒక్క పనైనా మనం చెయ్యకపోతే ఎట్లా?

ప్రళయకావేరి గురించి స.వెం. రమేశ్‌గారు కథలు రాశారు, మనలో చాలామంది చదివాం. ఆ పేజీల్లో పులికాట్ ఒడ్డు తెలుగు అక్షరాల్లో నిలిచింది. అది గొప్ప పని. కానీ ఎంత గొప్ప రచయితైనా మన లిపిలో ఉన్న అక్షరాలతోనే రాయాలి. అవ్వ "యాడికి పోతాండావు మే" అన్నప్పుడు ఆ "మే" మీద గొంతు ఎంత పైకి లేచి ఎక్కడ దిగిందో రాయడానికి అక్షరం లేదు. అది శబ్దంగానే దాచాలి.

కాబట్టి నా కోరిక ఇది. మేడమ్స్‌నీ, సార్లనీ, అక్కచెల్లెళ్ళనీ అడుగుతున్నాను. సెలవులకి ఇంటికి పోయే ప్రతి అమ్మాయీ ఇద్దరి గొంతులు తేవాలి. ఒకరు డెబ్బై దాటినవారు, ఒకరు ఇరవై లోపువారు. నగరి, పుత్తూరు వైపు చుట్టాలున్నవాళ్ళు అటునుంచి కూడా ఇద్దర్ని తేవాలి. మాటల పట్టీ అందరికీ ఒకటే ఉండాలి. నలభై మాటలు చాలు. విభాగం కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరిచి, ఊరు, వయసు, చదివిన బడి భాష రాసి దాచాలి, పేరు వద్దు. మూడో సంవత్సరం ప్రాజెక్టుకి ఇదొక అంశంగా పెట్టాలి. వచ్చే ఆగస్టు 29న గిడుగువారి పటం పక్కన ఈ గోడమీదే, ఒక అవ్వ "తిరువళ్ళూరు" అన్న ధ్వని చిత్రాన్నీ, ఒక అమ్మాయి "తిరువళ్ళూరు" అన్న ధ్వని చిత్రాన్నీ పక్కపక్కన అంటించాలి.

అప్పుడు ఏ పోటీలో ఏ పెద్దాయన "అదోలా ఉంది" అన్నా మన అమ్మాయి తలవంచుకోనక్కర్లేదు. "ఏ ధ్వని సార్, ఎంత తేడా సార్" అని నెమ్మదిగా అడగవచ్చు. జవాబు ఆయన దగ్గర లేకపోయినా మన దగ్గర ఉంటుంది.